గెట్‌చ్ ఎందుకు రాశావు?

హనుమకొండలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కొన్నాళ్లు సి ల్యాబ్ చూసుకున్నాను. మొదటి ఏడాది పిల్లల రికార్డులు దిద్దుతుంటే ఏ ప్రోగ్రాం తిరగేసినా మొదట్లో క్లియర్ స్క్రీన్, చివర్లో గెట్‌చ్. రెండు సంఖ్యలు కూడినా అంతే, ఫిబొనాచీ శ్రేణి వేసినా అంతే. పూజకు ముందు ఆచమనం, ఆఖర్న హారతి ఉన్నట్టు. ఓ రోజు ఒకమ్మాయిని అడిగాను: "గెట్‌చ్ ఎందుకు రాశావమ్మా?"

"అది రాయకపోతే ప్రోగ్రాం కంప్లీట్ కాదు కద సార్."

పక్క సిస్టం ముందున్న అబ్బాయి తల తిప్పకుండానే అందుకున్నాడు: "కంప్లీట్ అయితది గానీ అవుట్‌పుట్ కనబడది సార్. రన్ కొట్టంగనే మెరిసి పోతది."

ఆ అబ్బాయి చెప్పిందే నిజం. సి భాష ప్రమాణంలో గెట్‌చ్ అన్నదే లేదు. డాస్ కాలపు కంపైలర్లు అదనంగా ఇచ్చిన సదుపాయమది. ఎవరైనా ఏదో ఒక మీట నొక్కేదాకా ప్రోగ్రామును ఆపి ఉంచడమే దాని పని. ఎందుకు ఆపాలి? మా ల్యాబ్‌లో అప్పట్లో వాడిన టర్బో సి++కు రెండు తెరలుంటాయి. మనం రాసుకునే నీలం తెర ఒకటి, ప్రోగ్రాం ఫలితం పడే నల్ల తెర ఒకటి. కంట్రోల్, ఎఫ్9 కలిపి నొక్కితే నల్ల తెర వస్తుంది, ఫలితం అచ్చవుతుంది, ప్రోగ్రాం అయిపోగానే మళ్లీ నీలం తెర వచ్చేస్తుంది. ఇదంతా కనురెప్ప పాటులో జరిగిపోతుంది. ఫలితం ఎక్కడికీ పోలేదు. ఆల్ట్, ఎఫ్5 నొక్కితే కనిపిస్తుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు, తెలియజేసే గుర్తు కూడా తెర మీద లేదు. అందుకని ఎవరో ఎప్పుడో గెట్‌చ్ పెట్టి ఆపారు. కిందటిసారి ఫలితం తుడుచుకుపోకుండా నల్ల తెర మీదే ఉండిపోతుంది కాబట్టి క్లియర్ స్క్రీన్ పెట్టి తుడిచారు. పనిముట్టులోని రెండు లోటుపాట్లు రెండు పంక్తులై ల్యాబ్ మాన్యువల్లోకి ఎక్కాయి. వైవాలో ప్రశ్నలు కూడా అయ్యాయి. అవి సి భాషలో భాగమేనని నమ్మిన పిల్లలు తరాలు తరాలుగా డిగ్రీలు పుచ్చుకుని వెళ్లారు.

యూజర్ ఎక్స్‌పీరియెన్స్, పొట్టిగా యూఎక్స్, అనగానే మనకు గుర్తొచ్చేది ఫోన్లో డబ్బులు పంపే యాప్, రైలు టికెట్ తీసుకునే యాప్. వాటిని వాడే మామూలు మనిషికి ఇబ్బంది లేకుండా చూడాలని అందరూ ఒప్పుకుంటారు. ఆ యాప్ రాసే మనిషి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వాడికేం, ఇంజనీరు కదా, తంటాలు పడతాడులే" అనుకుంటాం. ఇంజనీర్లు కూడా అలాగే అనుకుంటారు. ఆ తంటాలను ప్రతిభకు గుర్తుగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. కంచాలు కడిగేవాడి కుళాయి ఎలా ఉందో ఏ హోటల్ వినియోగదారుడూ అడగడు.

టర్బోను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు అది విప్లవమే. 1983లో బోర్లాండ్ సంస్థ టర్బో పాస్కల్‌ను 49 డాలర్ల 95 సెంట్లకు అమ్మకానికి పెట్టింది. అంతకుముందు ప్రోగ్రాం రాయడానికి ఒక సాఫ్ట్‌వేర్, దాన్ని యంత్రభాషలోకి మార్చడానికి ఇంకొకటి, ముక్కలు అతకడానికి మరొకటి. ఒకటి మూసి ఒకటి తెరవాలి, మధ్యలో ఫ్లాపీలు మార్చాలి. ఆండర్స్ హేల్స్‌బర్గ్ అనే డెన్మార్క్ యువకుడు రాసిన కంపైలర్ ఎడిటర్‌తో కలిసి ఒకే చోట, మెమరీలోనే పనిచేసింది. తప్పు ఎక్కడుందో ఆ పంక్తి దగ్గరికే కర్సరు వెళ్లి నిలబడేది. ఆయనే తర్వాత సి షార్ప్, టైప్‌స్క్రిప్ట్ భాషలకు రూపశిల్పి అయ్యాడు. టర్బో సి 1987లో వచ్చింది, అదే బాణీలో.

చిక్కంతా ఏమిటంటే, ఆ బాణీ మన ల్యాబుల్లో అలాగే గడ్డకట్టిపోయింది. 64 బిట్ల విండోస్ వచ్చాక ఈ 16 బిట్ల ప్రోగ్రాం నడవడం మానేసింది. మనవాళ్లు ఆగలేదు. పాత డాస్ ఆటలు ఆడుకోవడం కోసం ఎవరో తయారుచేసిన డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చి, అందులో టర్బోను కూర్చోబెట్టారు. అంటే కొత్త కంప్యూటర్ పాత కంప్యూటర్‌లా నటిస్తుంటే, ఆ నటనలో పిల్లలు సి నేర్చుకుంటున్నారు. ఆ నటనలో పూర్ణసంఖ్యకు 16 బిట్లే చోటు. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన రైతు లెక్క కడదామని 30000కు 10000 కలిపితే జవాబు మైనస్ 25536 వస్తుంది. 32767 దాటగానే సంఖ్య తిరగబడి రుణాత్మకం వైపు నుంచి మొదలవుతుంది మరి. రైతే ఎదురు బాకీ పడ్డాడన్నమాట!

ఎందుకు మార్చరు? మార్చడమంటే మాన్యువల్ మార్చాలి, రికార్డు మార్చాలి, పరీక్షకు వచ్చే బయటి ఎగ్జామినర్ అలవాటు మార్చాలి. పనిముట్టు చుట్టూ అల్లుకున్న ఇంత మందిని కదిపితే తప్ప పనిముట్టు కదలదు. కేంబ్రిడ్జ్‌లో పనిచేసిన థామస్ గ్రీన్ 1989లో ప్రోగ్రామర్ల పనిముట్లను తూచడానికి కొన్ని కొలతలు ప్రతిపాదించాడు. వాటిలో ఒకదాని పేరు విస్కాసిటీ, మన మాటలో జిగట. చిన్న మార్పు చేయాలంటే ఎన్ని చోట్ల చెయ్యి పెట్టాల్సి వస్తుందన్నది జిగట. ఇంకొకటి దాగిన బంధాలు: ఇక్కడ ఒకటి లాగితే అక్కడ ఏది తెగుతుందో కనబడకపోవడం. మైక్రోసాఫ్ట్‌లో స్టీవెన్ క్లార్క్ వంటివారు ఈ కొలతలతోనే డెవలపర్ల కోసం తయారయ్యే వాటిని పరీక్షించారు. మా ల్యాబ్‌ను కొలిస్తే జిగట తుమ్మబంకను మించేది.

యాప్‌ల సంగతికి వద్దాం. 2020 జనవరిలో వరంగల్ దగ్గర మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కార్యాలయాలు తెరుచుకున్నాయి. ఆ రోజుల్లో మా పిల్లల్లో ఫోన్ యాప్ చేయాలన్న ఉత్సాహం బాగా కనిపించింది. పనిముట్టు ఆండ్రాయిడ్ స్టూడియో. గూగుల్ 2013 మేలో ప్రకటించి, 2014 డిసెంబర్‌లో తొలి పూర్తి రూపం విడుదల చేసింది. అప్పటిదాకా ఎక్లిప్స్ అనే ఎడిటర్‌కు ఒక అతుకు వేసి యాప్‌లు రాసేవారు. కొత్తదాన్ని జెట్‌బ్రెయిన్స్ సంస్థవారి ఎడిటర్ పునాది మీద కట్టారు. చూడముచ్చటగా ఉండేది. కాకపోతే నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మీద ఒక బటన్ రంగు ఎరుపు నుంచి ఆకుపచ్చకు మార్చి రన్ కొడితే, ఆ ఆకుపచ్చ కంటికి కనబడేలోపు గేటు దాకా పోయి చాయ్ తాగి రావచ్చు. పిల్లలు నిజంగానే పోయేవారు. వచ్చాక, అసలు దేనికోసం రంగు మార్చామో మరిచిపోయేవారు.

మరిచిపోవడం వాళ్ల తప్పు కాదు. ఐబీఎంలో రాబర్ట్ మిల్లర్ 1968లోనే ఈ లెక్క తేల్చాడు, జేకబ్ నీల్సన్ 1993లో దాన్ని అందరికీ గుర్తుండేలా చెప్పాడు. సెకనులో పదోవంతు లోపల జవాబు వస్తే యంత్రం మన చేతి కొనసాగింపులా అనిపిస్తుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పని వెతుక్కుంటుంది. చేతిలో ఉన్న లెక్కను మెదడు ఎంతోసేపు మోయలేదు. ఏ పంక్తి మార్చాం, ఏం జరగాలనుకున్నాం, తర్వాత ఏం చేయాలనుకున్నాం అన్న నాలుగైదు సంగతులు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని నిలబెడతాం. నిరీక్షణలో అవి కూలిపోతే మళ్లీ మొదటినుంచి పేర్చాలి. కాబట్టి నిమిషంన్నర బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే యాప్‌గా కట్టడం) వల్ల పోయేది నిమిషంన్నర మాత్రమే కాదు.

గూగుల్‌వారికీ ఈ సంగతి తెలుసు. 2016లో వచ్చిన రెండో సంచికలో ఇన్‌స్టంట్ రన్ అనే సదుపాయం పెట్టారు. యాప్ మొత్తం మళ్లీ కట్టకుండా, మారిన ముక్కను మాత్రమే నడుస్తున్న యాప్‌లోకి చొప్పించే ఉపాయం. అందుకోసం యాప్‌లోని కోడ్‌ను లోలోపల తిరగరాసి, ప్రతి చోటా ఒక దొడ్డిదారి పెట్టేవారు. కొత్త ముక్క వస్తే అమలు ఆ దారిన పోతుంది. బాగా పనిచేసినప్పుడు ఇంద్రజాలమే. పనిచేయనప్పుడు మాత్రం ఘోరం. కోడ్ మార్చావు, రన్ కొట్టావు, ఫోన్లో పాత రూపమే ఉంది. ఇప్పుడు తప్పు నీ కోడ్‌దా, పనిముట్టుదా? తేల్చుకోలేక డెవలపర్లు చాలామంది ఆ సదుపాయాన్నే ఆపేసుకున్నారు. నెమ్మదిగా వచ్చే నిజం వేగంగా వచ్చే అనుమానం కన్నా నయమని వాళ్ల తీర్పు. నా తీర్పూ అదే.

ఆ తర్వాత జరిగిందే ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికన్నా నచ్చిన కథ. 2018 చివర్లో ఆండ్రాయిడ్ స్టూడియో బృందం కొత్త హంగులు చేర్చే పని పక్కనపెట్టి, ఉన్నవాటిని నునుపు చేస్తామని ప్రకటించింది. ఆ పనికి పెట్టిన పేరు ప్రాజెక్ట్ మార్బుల్. 2019 ఆగస్టులో వచ్చిన 3.5 సంచికలో ఇన్‌స్టంట్ రన్ లేదు. దాని స్థానంలో అప్లై చేంజెస్ వచ్చింది. కోడ్‌ను దొంగచాటుగా తిరగరాసే పద్ధతి మానేసి, ఆండ్రాయిడ్ 8, ఆపై ఫోన్ల రన్‌టైమ్‌లోనే ఉన్న సౌకర్యాన్ని వాడుకున్నారు. అంతకన్నా ముఖ్యం, మూడు వేర్వేరు బటన్లు పెట్టారు. మొత్తం మళ్లీ నడుపు, తెరను మాత్రం తిరిగి తెరువు, తెర కదపకుండా కోడ్ మాత్రం మార్చు. ఏది కావాలో మనిషి చెబుతాడు, కుదరకపోతే కుదరదని పనిముట్టు చెబుతుంది. బటన్లు పెరిగితే ఇంటర్‌ఫేస్ చెడుతుందన్న వాడుక సూత్రం ఇక్కడ తలకిందులైంది. అదే సంచికలో 600కు పైగా లోపాలు సరిచేశామని బృందం చెప్పుకుంది. విండోస్ కంప్యూటర్లలో బిల్డ్ నెమ్మదించడానికి ఒక కారణం యాంటీవైరస్ అని కూడా బయటపడింది. బిల్డ్ వేల చిన్న ఫైళ్లు రాస్తుంటే, ఒక్కొక్కదాన్నీ యాంటీవైరస్ ఆపి సోదా చేస్తోంది. దాంతో ఎడిటరే ఆ సంగతి కనిపెట్టి, ఈ ఫోల్డర్లను సోదా నుంచి మినహాయించండి అని సలహా ఇవ్వడం మొదలుపెట్టింది. మా పిల్లలు మాత్రం ల్యాప్‌టాప్‌నే తిట్టుకున్నారు!

ఇలాంటివి కనిపెట్టాలంటే సర్వే ఫారాలు పంచితే చాలదు. పక్కన కూర్చుని చూడాలి. వరంగల్ నుంచి హైదరాబాద్ పోయే దారిలో ఆలేరు తగులుతుంది. అక్కడి చింతకింది మల్లేశం ఇలాగే చూశాడు. టై అండ్ డై చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధవృత్తంలో నిలబెట్టిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాలి, ఒక్కో చీరకు దాదాపు 9 వేల సార్లు. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం నిలబెట్టాడు, దానికి ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గం మార్చలేదు, డిజైన్ మార్చలేదు, చెయ్యి ఎక్కడ అరుగుతోందో ఆ ఒక్కచోటే పట్టుకున్నాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్ని యూజబిలిటీ స్టడీ అంటారు. పనిచేసే మనిషిని మనసులో మాట పైకి అనమని చెప్పి, పక్కన నోరుమూసుకుని రాసుకోవడం. మా ల్యాబ్‌లో ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు, "గిదేందిరా, మంచిగనే ఉండె, ఇప్పుడు అయితలేదు" అని పైకే అంటారు. వినేవాళ్లే తక్కువ.

చూడకుండా మార్చితే ఏమవుతుందో డెవలపర్లు కోడ్ రాసుకునే విజువల్ స్టూడియో 2012 చూపించింది. మైక్రోసాఫ్ట్ ఆ సంచికలో రంగుల చిహ్నాలు తీసేసి బూడిదరంగువి పెట్టింది. డెవలపర్ల దృష్టి కోడ్ మీదే నిలవాలని వాళ్ల ఆలోచన. ఎన్నో ఏళ్లుగా రంగును బట్టి బటన్ గుర్తుపట్టిన కళ్లు ఒక్కసారిగా దారితప్పాయి. గొడవ చేస్తే కొంత రంగు తిరిగి పూశారు. అంతలో మెనూ పేర్లన్నీ ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోకి మారిపోయాయి. ఎడిటర్ తమ మీద కేకలేస్తున్నట్టుందని మళ్లీ గొడవ. విండోస్ రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే పాత రూపం వస్తుందని తెలిసి అందరూ అటు పరుగెత్తారు. (మన లిపిలో పెద్దక్షరాలు లేవు. తెలుగు మెనూ ఎప్పుడూ కేకలేయలేదు, ఆ మేరకు మనం అదృష్టవంతులం.) అలవాటును గౌరవించడం ఆ సంస్థకు తెలియదనలేం. హైదరాబాద్‌లోని మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రంలో తయారైన విజువల్ జె షార్ప్ అందుకు సాక్ష్యం. జావా నుడికారానికి అలవాటుపడినవాళ్లు ఆ అలవాటుతోనే మైక్రోసాఫ్ట్ వేదిక డాట్ నెట్‌లోకి రాగలిగేలా వేసిన వంతెన అది. 2007లో ఆ వంతెనను ఇక పొడిగించబోమని ప్రకటించారు. దాటాల్సినవాళ్లు అప్పటికే దాటేశారు.

ఇక తప్పు చేసినప్పుడు పనిముట్టు ఏమంటుందన్నది. టర్బోలో ఏడో పంక్తి చివర సెమికోలన్ మరిచిపోతే, ఎనిమిదో పంక్తిని పట్టి చూపుతుంది. "స్టేట్‌మెంట్ మిస్సింగ్ ;" అంటుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన అబ్బాయి ఎనిమిదో పంక్తిని పావుగంట చూస్తాడు. అందులో తప్పేమీ లేదు మరి. కంపైలర్‌కు పంక్తులు తెలియవు, మాటల వరుసే తెలుసు. తర్వాతి మాట తగిలాకే సెమికోలన్ లేదని దానికి అర్థమవుతుంది, అర్థమైన చోట జెండా పాతుతుంది. కానీ తప్పు జరిగిన చోటు వేరు, బయటపడిన చోటు వేరు. తర్వాత వచ్చిన క్లాంగ్ అనే కంపైలర్ ముందు మాట ఎక్కడ ముగిసిందో గుర్తుపెట్టుకుని, బాణాన్ని ఏడో పంక్తి చివరనే పెడుతుంది. చేసింది అంతే, పావుగంట మిగిలింది.

2015లో ఎల్మ్ భాష సృష్టికర్త ఎవాన్ చాప్లిస్కీ ఇంకో అడుగు వేసి, కంపైలర్ చేత మనిషిలా మాట్లాడించాడు. ఈ పేరు నాకెక్కడా కనబడలేదు, బహుశా నువ్వు రాయాలనుకున్నది ఇదేమో అని నెమ్మదిగా చెబుతుంది. మరుసటి ఏడాది రస్ట్ భాషవాళ్లు ఆ స్ఫూర్తితో తమ సందేశాల రూపం మార్చుకున్నారు. వాళ్ల కంపైలర్ నీ కోడ్‌నే నీకు చూపిస్తూ, తప్పున్న ముక్క కింద గీత గీసి, దానికి కారణమైన ముక్క కింద ఇంకో గీత గీస్తుంది. ఇంత శ్రమ అవసరమా అంటే, 2017లో టైటస్ బారిక్ బృందం 56 మంది కంటిచూపు కదలికలను యంత్రంతో పట్టి చూసింది. పని మొత్తంలో 13 నుంచి 25 శాతం ఎర్రర్ సందేశాలు చదవడానికే పోతోంది. వాటిని చదవడం కోడ్ చదవడమంత కష్టంగానే ఉంది. అలాగని మంచి మాటలు రాస్తే చాలనుకోకూడదు. న్యూజిలాండ్‌లో 2014లో పాల్ డెన్నీ బృందం కొత్త విద్యార్థులకు విపులమైన సందేశాలు ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాలేదు. పొడుగు పెరిగితే చదవడం తగ్గుతుందేమో. ఎక్కడ అన్నది సరిగ్గా చూపడం ఏమిటన్నది వివరించడం కన్నా ముఖ్యమని నాకు ల్యాబ్‌లో అనిపించింది.

మన లిపి లాంటి లిపులకు ఉన్న ఇబ్బంది ఒకటి చెప్పాలి. ఈ ఎడిటర్లన్నీ గళ్ల కాగితం లాంటివి. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం అన్నది వాటి లెక్క. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు సంకేతాలు. వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. పేరు పది అక్షరాలు మించకూడదని యాప్‌లో షరతు పెడితే, రెండు "స్త్రీ"లు కూడా పట్టవు. ఇంగ్లిష్ కొలతతో బటన్ గీస్తే కింద వేలాడే వత్తులు తెగిపోతాయి. ఆండ్రాయిడ్‌లో అనువాదాలను పరీక్షించడానికి రెండు ఉత్తుత్తి భాషలున్నాయి. ఒకటి మాటలను పొడిగించి చూపుతుంది, ఒకటి కుడి నుంచి ఎడమకు తిప్పి చూపుతుంది. వత్తుల లోతు కొలిచేది లేదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అని రాసే ఒక ప్రత్యేక సంకేతాల వరుస ఐఫోన్లను కుప్పకూల్చింది. యాప్‌లు రాసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. వాళ్లందరూ వాడుకునే, అక్షరాలు గీసే ఆపిల్ ఇంజిన్‌లోనే లోపం. ఆ నెల 19న వచ్చిన సవరణతో సద్దుమణిగింది.

మా ల్యాబ్‌లో తర్వాత లినక్స్ వచ్చింది, కొత్త ఎడిటర్ వచ్చింది. ఫలితం కోడ్ కిందనే ఒక పలకలో కనిపిస్తుంది, ఎక్కడికీ పారిపోదు. అయినా మొదటి రోజు అందరికీ ఎర్రరే. గెట్‌చ్ దొరకాల్సిన కోనియో ఫైలు ఆ కంపైలర్ దగ్గర లేదు. మాన్యువల్లో ఉంది కాబట్టి రాశాం అన్నారు పిల్లలు. ల్యాబ్ మాన్యువళ్లు రాసే అధ్యాపకులారా, వచ్చే ఏడాది ప్రతి అచ్చు వేయించే ముందు ఆ రెండు పంక్తులు కొట్టేయండి.